లెక్క సరిపోయాక మొదలయ్యే పని

(గుంటూరులో బి.కామ్, సి.ఎ. విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి రావడం లేదు, అందుకని సూటిగా విషయానికొస్తాను.

ఫోరెన్సిక్ అకౌంటెంట్, అంటే ఖాతాల్లో దాగిన మోసాన్ని బయటికి తీసేవాడు, కావాలంటే ఏం చదవాలో చెప్పమని మీ మాస్టారు నన్ను పిలిచారు. చెబుతాను. ముందు మన మిర్చి సంగతి ఒకటి వినండి.

కొన్నేళ్ల కిందట ఒక వ్యాపారి కోల్డ్ స్టోరేజీలో మిర్చి ఉందని చూపించి బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. అప్పు మొండి బకాయి అయింది. ఖాతాలు చూడమని బ్యాంకువాళ్లు మాకు అప్పగించారు. మిర్చి మార్కెట్ యార్డులో కొన్న బిల్లులు, స్టోరేజీ రసీదులు, టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు అన్నీ పైసాతో సహా సరిపోయాయి. వారం రోజులు తలలు పట్టుకున్నాం. మా దగ్గర ఆర్టికల్స్, అంటే సి.ఎ. శిక్షణ, చేస్తున్న కుర్రాడు ఒకడు మిర్చి రైతు బిడ్డ. బిల్లుల కట్ట తిరగేస్తూ, "సార్, ఈ తేదీల్లో యార్డుకు వేసవి సెలవులు కదా? ఆ రోజుల్లో మా నాన్న ఒక్క టిక్కీ కూడా అమ్ముకోలేకపోయాడు" అన్నాడు. టిక్కీ అంటే మిర్చి బస్తా. తీగ దొరికింది. స్టోరేజీ నుంచి హమాలీల కూలి పుస్తకం తెప్పించాం. ఆ తేదీల్లో ఒక్క టిక్కీ దించిన కూలి కూడా రాసి లేదు. నాలుగు వేల టిక్కీలు వాటంతట అవే నడిచి వెళ్లి గదిలో పేర్చుకోవు కదా!

ఆ కుర్రాడు అప్పటికి సి.ఎ. ఇంటర్ మాత్రమే పాసయ్యాడు. పక్కనే ఉన్న నేను పాతికేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి.

మామూలు ఆడిట్‌లో ఎంట్రీకి తగ్గ కాగితం ఉందా అని చూస్తాం. ఇక్కడ ఆ కాగితంలో రాసింది అసలు జరిగిందా అని చూడాలి. సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? మీకెలా గుర్తుంటుంది, చాలామంది అప్పటికి అంగన్‌వాడీలో ఉండి ఉంటారు. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖ ప్రకారం, పుస్తకాల్లో చూపిన రూ.5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో రూ.5,040 కోట్లు లేనే లేవు. నిల్వ ఎంతో బ్యాంకునే నేరుగా అడగాలి. ఆ జవాబు కంపెనీ చేతుల మీదుగా రాకూడదు. ఇంత చిన్న విషయం.

ఇక చదువు. బి.కామ్ ఒక్కటే చాలదు. మన దగ్గర గట్టి దారి సి.ఎ. సి.ఎం.ఎ., అంటే కాస్ట్ అకౌంటెన్సీ, చేసినవాళ్లూ ఈ పనికి బాగా పనికొస్తారు, స్టాకు లెక్కల్లో వాళ్ల చూపు పదును. 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. నాకైతే నచ్చలేదు. ఆ రెండేళ్లూ ఏసీ గదిలో జీఎస్టీ రిటర్నులు వేస్తూ కూర్చోకండి. స్టాకు లెక్కపెట్టడానికి ఎవరు వెళతారంటే మీరే చెయ్యెత్తండి. సి.ఎ. అయ్యాక ఫోరెన్సిక్ అకౌంటింగ్ మీద సి.ఎ. ఇన్‌స్టిట్యూట్ వారిదే సర్టిఫికెట్ కోర్సు ఉంది. ఈ పని ఎలా చేయాలో వాళ్లు పెట్టిన ప్రమాణాలు 2023 జూలై 1 నుంచి సి.ఎ.లకు తప్పనిసరి అయ్యాయి, అవి కూడా చదవండి. సి.ఎ. కాకపోయినా రాయగలిగేది సి.ఎఫ్.ఇ., అంటే సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్. అది అమెరికా సంస్థ ఇచ్చేది. మీ చదువుకూ అనుభవానికీ పాయింట్లు వేస్తారు. పరీక్ష రాయడానికి 40 చాలు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే 50 పాయింట్లు, దానికి సంబంధించిన పనిలో కనీసం రెండేళ్ల అనుభవం కావాలి.

చట్టం మాత్రం నిర్లక్ష్యం చేయకండి. నేను చేసి దెబ్బతిన్నాను. మొదట్లో ఒక కేసులో ఉత్సాహం ఆపుకోలేక క్లయింటు కంప్యూటర్‌లోనే టాలీ తెరిచి చూశాను. ఫైలు మీద తేదీ మారిపోయింది. తర్వాత కోర్టులో అవతలి వకీలు గారు చాలా మర్యాదగా, "ఈ ఫైలును మార్చింది మీరేనా అండీ?" అని అడిగారు. చెమటలు పట్టాయి. ఇప్పుడు ముందు కాపీ తీస్తాం, దాని హాష్ విలువ (ఫైలుకు వేలిముద్రలాంటిది, ఫైలు మారితే అదీ మారుతుంది) రాసుకుంటాం, ఆ తర్వాతే తెరుస్తాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద, కంప్యూటర్ రికార్డుతో పాటు కోర్టుకు ఇచ్చే సర్టిఫికెట్‌లో కూడా ఆ హాష్ రాయాలి.

బెన్‌ఫర్డ్ సూత్రం గురించి ఇందాక ఒకమ్మాయి అడిగింది. సహజంగా వచ్చే అంకెల పట్టికలో మొదటి అంకె 1 ఉండేవి 30 శాతం దాకా, 9 ఉండేవి 5 శాతం లోపు ఉంటాయి. లెక్క దీనికి దూరంగా ఉంటే అనుమానించి చూస్తాం. మంచి పరికరమే. దాన్ని తెచ్చి మన ఊరి వోచర్ల మీద పెట్టి చూడండి, సగం గుంటూరు దొంగలా కనిపిస్తుంది! ఒకరికి ఒకరోజు రూ.10,000 దాటి నగదు ఇస్తే మామూలుగా ఆదాయపు పన్నులో ఆ ఖర్చు ఒప్పుకోరు. అందుకే ఎక్కడ చూసినా రూ.9,800, రూ.9,900 వోచర్లే. ఒకే పనిని రెండు ముక్కలు చేసి రాసుకున్నవీ వాటిలో ఉంటాయి, మామూలువీ ఉంటాయి. ఏది ఏదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. గుమాస్తా గారితో టీ తాగుతూ మాట్లాడితే తెలుస్తుంది.

అందుకే, సి.ఎ. అవగానే దీంట్లోకి దూకొద్దంటాను. మూడు నాలుగేళ్లు మామూలు ఆడిట్ చేయండి, అందులో ఒక ఏడాదైనా బ్యాంకు ఆడిట్ ఉండాలి.

ఆ మిర్చి రైతు కొడుకు ఫైనల్ మూడోసారికి పాసయ్యాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇదే పనిలో ఉన్నాడు. ఏటా మే నెలలో నాకు ఫోన్ చేస్తాడు: "సార్, యార్డుకు సెలవులు ఇచ్చారట. తేదీలు రాసుకోండి."