మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి

(విజయవాడలో కంప్యూటర్ క్లబ్బు కొత్త సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కొత్తగా చేరినవాళ్లకు స్వాగతం. మీలో రిటైరైన మాస్టార్లున్నారు, డీటీపీ చేసేవాళ్లున్నారు, షాపు లెక్కలు టాలీలో రాసుకునేవాళ్లున్నారు, బీటెక్ పిల్లలున్నారు. ఎవరికి తెలిసింది వాళ్లు పక్కవాళ్లకు చెప్పడమే మన క్లబ్బు పని. ఆ చెప్పడం ఎలాగో ఇవాళ మాట్లాడతాను. కంప్యూటర్ బాగుచేసేవాళ్లకు బెజవాడలో కొదవలేదు. పక్కన కూర్చుని, ఎదుటివాళ్ల చేతే ఓపిగ్గా చేయించేవాళ్లే తక్కువ.

మొన్నామధ్య గవర్నర్‌పేట నుంచి ఒక పెద్దాయన పాత డెస్క్‌టాప్‌ను ఆటోలో వేసుకుని వచ్చారు. ఏ సైటూ తెరుచుకోవడం లేదు. నెట్ కనెక్షన్ వాళ్లు ఇంటికొచ్చి చూసి లైన్ బాగానే ఉందని వెళ్లిపోయారు. రిపేరు షాపులో విండోస్ మళ్లీ వేయాలన్నారు. మన దగ్గర సెకండియర్ చదివే కుర్రాడొకడు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. మౌస్ ముట్టుకోలేదు. "మాస్టారూ, మీరు రోజూ చూసే సైటు తెరవండి. స్క్రీన్ మీద ఏం రాసుందో పైకి చదవండి" అన్నాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివారు: "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్."

గడియారం వెనకబడిందని స్క్రీన్ మీదే రాసుంది. అంతమంది చూశారు, ఎవరూ చదవలేదు. కింద కుడివైపు మూలన చూస్తే తేదీ 2009 జనవరి 1.

దీని వెనక ఉన్న సంగతి తెలుసుకోదగ్గది. బ్యాంకు సైటు తెరిచినప్పుడు అది మన కంప్యూటర్‌కు ఒక సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. బ్రౌజర్ దాన్ని మన కంప్యూటర్ గడియారంతో సరిచూస్తుంది. గడియారం 2009లో ఉంటే ఇప్పటి సర్టిఫికెట్ ఇంకా పుట్టనట్టే లెక్క, అందుకే తలుపు తీయదు. కరెంటు తీసేసినా గడియారం నడవాలని మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటుంటుంది. సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులు. కొన్నేళ్లకు అది అయిపోతుంది. అప్పుడు ప్లగ్గు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంది.

కుర్రాడు కరెంటు తీయించి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోమని, పక్క రేకు ఆయన చేతే విప్పించాడు. బ్యాటరీ పక్కనున్న చిన్న క్లిప్పు ఎటు వంచాలో వేలితో చూపించాడంతే. మార్చింది మాస్టారే, తేదీ సరిచేసిందీ ఆయనే. ఆ తర్వాత ఇంకొకరి కంప్యూటర్ ఇలాగే మొరాయిస్తే, అందరికంటే ముందు మూలనున్న తేదీ చూసింది కూడా ఆ మాస్టారే. మౌస్ లాక్కుని రెండు నిమిషాల్లో చేసేసి ఉంటే ఆయన ఇంకోసారి కూడా ఆటో కట్టించుకుని రావాల్సిందే. నేను మిమ్మల్ని అడిగేది ఈ ఒక్కటే: మౌస్ వాళ్ల చేతిలోనే ఉండనివ్వండి.

అడిగేవాళ్లకూ ఒక మాట. "పనిచేయట్లేదండీ" అంటే మాకేమీ తెలియదు. ఫ్యాను తిరుగుతోందా, లైటు వెలుగుతోందా, ఎప్పటి నుంచి ఇలా ఉంది, అంతకుముందు కొత్తగా ఏం వేశారు, ఇవి చెప్పండి. స్క్రీన్ మీద వచ్చింది ఫోన్‌లో ఫొటో తీసి తెచ్చుకోండి. రోహిణి కార్తెలో కంప్యూటర్ దానంతటదే ఆగిపోతుంటే చాలామంది వైరస్ అనుకుని టెన్షన్ పడతారు. ఫ్యానుకు దుమ్ము పట్టి వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. మన ఊరి ఎండలకు ముందు అనుమానించాల్సింది దుమ్మునే.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది తెలుగు టైపింగ్. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులకు, ఇక్కడి ప్రెస్సులకు ఏళ్ల తరబడి అను అనే పాత తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో పని చేసినవాళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది. వాళ్లు కంపోజ్ చేసిన పేజీని వాట్సాప్‌లో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు చెడిపోయిందని హడలిపోతారు. చెడిపోలేదు. ఆ పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన గళ్లలోనే తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని చోట గడి అసలు అక్షరమే బయటపడుతుంది. ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు సొంతంగా 128 గళ్లున్నాయి. 'అ' గడి నంబరు 0సీ05, 'క' ది 0సీ15. ఏ ఫోన్‌లో చూసినా క అంటే క.

ఇక్కడ బీటెక్ పిల్లలకు ఒక మనవి. పాతికేళ్లు ఒకే కీబోర్డుకు అలవాటైన చేతులను "ఇది పాతదండీ, మానేయండి" అని కించపరచకండి. ఆ వేళ్లకు అలవాటైన అమరికతోనే యూనికోడ్ కొట్టే సాఫ్ట్‌వేర్లున్నాయి, అవి వేసివ్వండి. పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, అరుదైన అక్షరాలు తేడా కొడతాయి. అక్కడ ప్రూఫ్ చదివే కన్ను వాళ్లదే, మీది కాదు. నేర్పడం రెండు వైపులా జరిగేది ఈ తెలుగు టైపింగ్ బల్ల దగ్గరే. నాకు క్లబ్బులో అన్నిటికంటే ఇష్టమైన బల్ల ఇదే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్ నగర్‌ను, పాయకాపురాన్ని ముంచినప్పుడు మనకు ఇంకో పాఠం వచ్చింది. నీళ్లు తీశాక చాలా ఇళ్లలో మొదట చేసింది స్విచ్ వేసి చూడటం. ఆశ అలాంటిది, తప్పు పట్టలేం. కానీ తడి బోర్డులోకి కరెంటు వెళితేనే అసలు నష్టం. ల్యాప్‌టాప్ తడిస్తే చార్జర్ పీకాలి, వీలైతే బ్యాటరీ తీసేయాలి, ఆన్ చేయకుండా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. బియ్యంలో పెడితే బియ్యం పొడి కూడా లోపలికి పోతుంది, అంతే. హార్డ్‌డిస్క్ లోపల తిరిగే పళ్లానికీ దాన్ని చదివే హెడ్‌కూ మధ్య ఎడం నానోమీటర్లలో ఉంటుంది. బురద రేణువొకటి చాలు గీత పడటానికి. అందులో పిల్లల పెళ్లి ఫొటోలున్నాయని ఎవరైనా తెస్తే, మనం ప్రయోగాలు చేయకూడదు. "ఇది మా వల్ల కాదు, డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వండి" అని చెప్పడం కూడా సహాయమే.

సాయం పేరుతో మోసం చేసేవాళ్లు పెరిగారు కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ఈ క్లబ్బులో ఎవరూ మీ ఓటీపీ గానీ, యూపీఐ పిన్ గానీ అడగరు. మీరు పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు పక్కనున్న సభ్యులు ముఖం తిప్పుకుంటారు. ఫోన్ చేసి ఎనీడెస్క్ (దూరం నుంచే మీ స్క్రీన్ చూసి నడిపే యాప్) వేసుకోమన్న అపరిచితులను నమ్మకండి. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక మీలో చాలామంది అడుగుతున్న విండోస్ 10 సంగతి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలుగా ఉచితంగా వచ్చే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, 4 జీబీ ర్యామ్, కంపెనీ జాబితాలో ఉన్న ప్రాసెసర్ కావాలి. చాలా పాత కంప్యూటర్లలో ఇవి దొరకవు. అంతమాత్రాన పాత సామాన్లకు వేసేయకండి. నెట్ చూసుకోవడం, ఉత్తరాలు టైపు చేసుకోవడం వరకే అయితే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. దాన్ని హార్డ్‌డిస్క్ జోలికి పోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. టాలీ మీద బతికే వ్యాపారులకు మాత్రం ఇది సలహాగా ఇవ్వను, అది విండోస్ కోసం చేసిన సాఫ్ట్‌వేర్. ప్రింటర్, స్కానర్ ఏ కంపెనీవో రాసి తెచ్చుకుంటే అవి పనిచేస్తాయో లేదో ముందే చూద్దాం.

వచ్చే ఆదివారం ఆ లినక్స్ మింట్ పనే పెట్టుకున్నాం. 8 జీబీ పెన్‌డ్రైవ్ తెండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తెండి. ల్యాప్‌టాప్ వాళ్లు చార్జర్ మరవద్దు. ఫైళ్లు ఇంట్లోనే ఇంకో చోటికి కాపీ చేసుకుని రండి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.