జపాన్‌లో ఉంటూ కిమ్‌కి జై కొట్టినవాళ్ళు: చోంగ్ర్యోన్ అసలు కథ

హాయ్ అండీ, నమస్తే. డైరెక్ట్‌గా మేటర్‌లోకి వెళ్ళిపోదాం, ఎందుకంటే ఇవాళ చెప్పాల్సింది చాలా ఉంది, నేను మధ్యలో పక్కదారి పడతానని మీకు తెలుసు కదా.

టోక్యో నడిబొడ్డున, చియోదా వార్డ్‌లో, యాసుకుని గుడికి దగ్గర్లోనే ఒక పెద్ద బిల్డింగ్ ఉంది. జపాన్‌కి ఉత్తర కొరియాతో దౌత్య సంబంధాల్లేవు, ఎంబసీ లేదు. కానీ దశాబ్దాల పాటు ఎంబసీ పని మొత్తం ఆ బిల్డింగే చేసింది. అది చోంగ్ర్యోన్ అనే సంఘం హెడాఫీసు. జపాన్‌లో ఉండే కొరియన్ల సంఘమే, కాకపోతే విధేయత అంతా ప్యోంగ్యాంగ్‌కి. వీళ్ళకి సొంత స్కూళ్ళున్నాయి, సొంత యూనివర్సిటీ ఉంది, పేపర్ ఉంది, ఒకప్పుడు బ్యాంకులూ ఉండేవి. చాలా ఏళ్ళు అన్ని క్లాస్‌రూముల్లోనూ ఉత్తర కొరియాని ఏలిన తండ్రీకొడుకుల ఫొటోలు, అదే కిమ్ ఇల్ సుంగ్, కిమ్ జోంగ్ ఇల్ ఫొటోలు ఉండేవి. వీళ్ళ లీడర్లు కొందరు ఉత్తర కొరియా పార్లమెంట్‌లో మెంబర్లుగా కూడా ఉంటూ వచ్చారు. టోక్యోలో కాపురం, ప్యోంగ్యాంగ్‌లో సీటు!

ఇది ఎవరికి చెప్పినా ఫస్ట్ వచ్చే మాట ఒకటే. "అంత ఇష్టమైతే అందర్నీ ఓడెక్కించి అక్కడికే పంపేయొచ్చుగా?"

నాకు ఇక్కడే మండుతుంది. పంపేశారండీ బాబూ! 1959 నుంచి 1984 దాకా 93,340 మందిని నిజంగానే ఓడెక్కించి పంపేశారు. వెనకాల మిగిలినవాళ్ళు ఇన్నేళ్ళు ఆ సంఘాన్ని వదల్లేకపోయింది కూడా చాలావరకు ఆ ఓడల వల్లే. ఇవాళ చెప్పబోయేది అదే.

కిమ్ ఫ్యామిలీ గురించి, అణుబాంబుల గురించి మీకు తెలుసు, అవన్నీ స్కిప్. మీకు తెలియని పాయింట్ ఒకటి చెప్తా. జపాన్‌లో ఉన్న ఈ కొరియన్లలో నూటికి తొంభైమందికి పైగా సొంతూళ్ళు దక్షిణ కొరియాలో ఉన్నాయి. జెజు దీవి, గ్యోంగ్‌సాంగ్ వైపు ఊళ్ళు. ఉత్తరం మొహం కూడా చూడనోళ్ళే ఎక్కువ. మరి దక్షిణం వాళ్ళు ఉత్తరానికి జై ఎందుకు కొట్టారు?

ఇక్కడ మనకి చిట్టీ కావాలి. అవును, మన చిట్టీలే.

రిజిస్టర్డ్ కంపెనీ చిట్టీ కాదు, వీధి చిట్టీ అనుకోండి. ఇంట్లో పిల్లాడి ఫీజు కట్టాలి, బ్యాంకుకి పోతే మేనేజర్ మొహం కూడా చూడలేదు, సొంత అన్నదమ్ముల్ని అడిగితే ఫోన్ ఎత్తట్లేదు. అప్పుడు వీధి చివర చిట్టీలేసే ఆయన ఇంటికొచ్చి "ఈ నెల పాట నీకే ఇస్తాను తీసుకో" అన్నాడు. ఆయన ఎలాంటివాడు, ఇంకో వీధిలో ఎవడ్ని కొట్టాడు అని ఎంక్వైరీ చేసి తీసుకుంటావా? తీసుకుంటావు అంతే. పాట ఎత్తుకున్నాక రెండు రూల్స్. ఒకటి, చివరి నెల దాకా వాయిదాలు కట్టాలి. రెండు, ష్యూరిటీ పెట్టాలి. ఈ రెండూ గుర్తుపెట్టుకోండి, వీడియో అంతా వీటి మీదే నడుస్తుంది.

ఇప్పుడు 1945కి వెళ్దాం. కొరియా 35 ఏళ్ళు జపాన్ చేతిలో ఉంది. కూలి పని కోసం వచ్చినవాళ్ళు, యుద్ధం టైమ్‌లో గనుల్లోకి బలవంతంగా తెచ్చినవాళ్ళు, అంతా కలిపి ఇరవై లక్షల దాకా కొరియన్లు జపాన్‌లో ఉన్నారు. యుద్ధం అయిపోగానే ఎక్కువమంది ఇంటికెళ్ళిపోయారు. కానీ వెళ్ళేవాళ్ళు తలకి వెయ్యి యెన్లకి మించి పట్టుకెళ్ళకూడదని రూల్ పెట్టారు. ఇరవై ఏళ్ళు కష్టపడి సంపాదించింది ఇక్కడ వదిలేసి వెయ్యి యెన్లతో వెళ్ళి అక్కడేం తినాలి? పైగా అక్కడ గొడవలు, 1948లో జెజు దీవిలో ఊచకోత, ఆ తర్వాత ఏకంగా యుద్ధం. అలా ఆరు లక్షల దాకా మిగిలిపోయారు. జెజు నుంచి దొంగ పడవల్లో ఒసాకాకి వచ్చినవాళ్ళు వేరే.

మిగిలినవాళ్ళు మన భాష పిల్లలకి నేర్పుకుందాం అని స్కూళ్ళు పెట్టుకున్నారు. 1948లో ఆ స్కూళ్ళు మూసేయమని ఆర్డర్ వచ్చింది. కోబేలో, ఒసాకాలో జనం రోడ్డెక్కారు. కోబేలో, అప్పుడు జపాన్‌ని ఏలుతున్న అమెరికా సైన్యం ఎమర్జెన్సీ పెట్టింది, ఒసాకాలో పోలీసు కాల్పుల్లో పదహారేళ్ళ కుర్రాడు చనిపోయాడు. స్కూల్ కోసం అండీ ఇదంతా! తర్వాత 1952 ఏప్రిల్ 28న, యుద్ధం తర్వాత జపాన్‌తో కుదిరిన శాన్‌ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం అమల్లోకి రాగానే వీళ్ళందరికీ జపాన్ పౌరసత్వం పోయింది. నిన్నటిదాకా "మీరు చక్రవర్తి ప్రజలు" అని సైన్యంలోకి తీసుకున్నారు, ఇవాళ "మీరు ఫారినర్లు" అన్నారు. ఫారినర్ కాబట్టి గవర్నమెంట్ ఉద్యోగం లేదు, తర్వాత నేషనల్ పెన్షన్ స్కీమ్ వస్తే అందులోనూ లేరు, అది మారడానికి 1982 దాకా పట్టింది.

సరే, బ్యాంకు మేనేజర్ మొహం తిప్పుకున్నాడు. అన్నదమ్ముడు, అంటే దక్షిణ కొరియా? సింగ్మన్ రీ ప్రభుత్వం వీళ్ళని పట్టించుకున్నదే తక్కువ, సగంమంది కమ్యూనిస్టులే అన్నట్టు చూసింది. ఫోన్ ఎత్తలేదు.

అప్పుడొచ్చాడు చిట్టీ ఆయన.

1955 మే 25న హాన్ దోక్-సు అనే ఆయన చోంగ్ర్యోన్ పెట్టాడు. జపాన్ రాజకీయాల్లో వేలు పెట్టం, మేం ఉత్తర కొరియాకి చెందిన ప్రవాస పౌరులం అనేది వాళ్ళ లైన్. ఈయన 2001లో చనిపోయేదాకా, అంటే దాదాపు 46 ఏళ్ళు, సంఘం పగ్గాలు వదల్లేదు, ఆ విషయంలో మాత్రం ప్యోంగ్యాంగ్ దగ్గర బాగానే నేర్చుకున్నాడు. 1957లో ఉత్తర కొరియా ఈ స్కూళ్ళకి పన్నెండు కోట్ల యెన్ల పైచిలుకు డబ్బు పంపింది. యుద్ధంలో ప్యోంగ్యాంగ్ నేలమట్టమై నాలుగేళ్ళే అయింది, సొంత జనానికి ఇళ్ళు లేవు, ఆ టైమ్‌లో పంపింది. ఆ స్కూల్లో చదివిన ముసలాళ్ళు ఇప్పటికీ ఆ డబ్బు గురించి కళ్ళనీళ్ళతో చెప్తారు. నేను దాన్ని బ్రెయిన్‌వాష్ అని కొట్టిపారేయలేను. మొదటి పాట అది, అవసరానికి అందిన డబ్బు.

ఇప్పుడు ష్యూరిటీ. వీడియోలో ముఖ్యమైన భాగం ఇదే, ఫోన్ పక్కన పెట్టండి... అంటే ఫోన్‌లోనే చూస్తున్నారనుకోండి, వేరే యాప్ ఓపెన్ చేయకండి.

[స్క్రీన్ మీద మ్యాప్: జపాన్‌లోని నీగాటా పోర్ట్ నుంచి ఉత్తర కొరియాలోని చోంగ్‌జిన్ పోర్ట్‌కి గీత]

1958 నుంచి చోంగ్ర్యోన్ ఒక ప్రచారం మొదలుపెట్టింది. ఉత్తర కొరియా భూలోక స్వర్గం, ఇల్లు ఫ్రీ, చదువు ఫ్రీ, వైద్యం ఫ్రీ, రండి అని. నమ్మింది కొరియన్లే అనుకుంటే పొరపాటు. జపాన్ పేపర్లు లెఫ్ట్, రైట్ తేడా లేకుండా సపోర్ట్ చేశాయి, పార్టీలన్నీ సపోర్ట్ చేశాయి. ఎందుకంటే జపాన్ ప్రభుత్వానికి కూడా వీళ్ళు పోతే చాలని ఉంది. పేదవాళ్ళు, వెల్ఫేర్ ఖర్చు, లెఫ్ట్ భావాలు, ఎందుకీ తలనొప్పి అని. 1956లోనే వీళ్ళకిచ్చే సాయానికి కోత పెట్టారు. జపాన్ అధికారులు, రెడ్ క్రాస్ వాళ్ళు ముందు నుంచే దీని కోసం తిరిగారని తర్వాత జెనీవాలో బయటికొచ్చిన రెడ్ క్రాస్ కాగితాలు చూస్తే అర్థమవుతుంది. పేరు మాత్రం మానవతా సాయం.

ఇంకో సంగతి, ఈ ఒప్పందం మీద సంతకాలు జరిగింది మన దేశంలోనే. కలకత్తాలో, 1959 ఆగస్టు 13న, రెండు దేశాల రెడ్ క్రాస్ సంస్థల మధ్య. రెండు దేశాలకీ మాటల్లేవు కదా, అందుకని మూడో చోటు కావాలి. మనవాళ్ళలో ఎంతమందికి తెలుసు ఇది? నేనైతే ఎవరి నోటా వినలేదు.

1959 డిసెంబర్ 14న నీగాటా పోర్ట్ నుంచి మొదటి ప్రయాణం, రెండు సోవియట్ ఓడలు, 975 మంది. బ్యాండ్ మేళం, జెండాలు, రంగు కాగితాలు. 1960 ఒక్క ఏడాదిలోనే 49 వేలమంది వెళ్ళారు. 1961లో 23 వేల దాకా. 1962లో? మూడున్నర వేలు.

ఏమైంది అంటే ఉత్తరాలొచ్చాయి. సెన్సార్ ఉంటుంది కాబట్టి ఎవరూ డైరెక్ట్‌గా రాయరు. అంతా బాగుంది, నాయకుడి దయ అని రాసి, కింద సబ్బు పంపండి, బట్టలు పంపండి, మందులు పంపండి అని లిస్ట్. స్వర్గంలో సబ్బు లేకపోవడం ఏంటి? చదివినోళ్ళకి అర్థమైపోయింది. కానీ అప్పటికే డెబ్భై వేలమందికి పైగా అటు వెళ్ళిపోయారు. తిరిగి రావడానికి లేదు. వాళ్ళతో పాటు వెళ్ళిన జపనీస్ భార్యలే 1,800 మంది దాకా ఉన్నారు, మూడేళ్ళలో పుట్టింటికి వచ్చి చూసి పోవచ్చు అన్న మాట నమ్మి ఎక్కారు. 1997 దాకా ఒక్కరిని కూడా పంపలేదు, ఆ తర్వాత కూడా గుప్పెడుమందినే.

ఇదీ ష్యూరిటీ. నీ తమ్ముడు అక్కడున్నాడు, నీ కూతురు అక్కడుంది. అక్కడ వీళ్ళని అనుమానంగా చూసేవాళ్ళు, జపాన్ నుంచి వచ్చినోళ్ళు అని వెక్కిరించేవాళ్ళు, కొందరు జైలు క్యాంపులకే పోయారు. నువ్వు ఒసాకాలో నోరు తెరిచి "అక్కడ స్వర్గం లేదు గిర్గం లేదు" అన్నావంటే దెబ్బ పడేది నీకు కాదు, వాళ్ళకి. మామూలు చిట్టీలో ష్యూరిటీ పెట్టినోడి జీతమే అటాచ్ అవుతుంది, ఇక్కడ మనిషే అటాచ్ అయిపోయాడు. కాబట్టి మీటింగ్‌కి పిలిస్తే వెళ్తావు, చందా అడిగితే ఇస్తావు, నాయకుడి పుట్టినరోజుకి గిఫ్ట్ అంటే అదీ ఇస్తావు. నెలనెలా వాయిదా. బయటినుంచి చూసేవాడికి నువ్వు కిమ్ భక్తుడివి!

అందరూ ఇలా ఇరుక్కున్నవాళ్ళే అని నేననట్లేదు. నిజమైన భక్తులూ ఉన్నారు, పతకాలు తీసుకున్నోళ్ళు, పదవులు అనుభవించినోళ్ళు ఉన్నారు. పైన కూర్చున్న లీడర్లకి ఉత్తరాల సంగతి అందరికంటే ముందు తెలుసు, అయినా 1984 దాకా ఓడలు నడిచాయి. వాళ్ళ మీద నాకు జాలేమీ లేదు. కింద కూర్చుని వాయిదా కట్టే పచింకో పార్లర్ (చిన్న బంతులతో ఆడే జూదం మెషీన్ల హాలు) ఓనర్నీ, బార్బెక్యూ హోటల్ నడిపే ఆవిణ్నీ ఆ లీడర్ని ఒకే గాటన కట్టొద్దు అంటున్నా అంతే.

పచింకో అన్నాను కదా, డబ్బు సంగతి. జపాన్ బ్యాంకులు లోన్ ఇవ్వట్లేదని చోంగ్ర్యోన్ వాళ్ళే చోగిన్ అని క్రెడిట్ యూనియన్లు పెట్టుకున్నారు. చిన్న చిన్న వ్యాపారాలు దాంతోనే పైకొచ్చాయి. మంగ్యోంగ్‌బోంగ్ అనే ఓడ నీగాటాకి వచ్చిపోతూ ఉండేది, మనుషులు, సరుకులు, నోట్ల కట్టలు అందులో వెళ్ళేవి, అటు ఉన్న చుట్టాల కోసం. అంటే డిక్టేటర్‌కి డాలర్లు అందిన దారుల్లో చుట్టాల మీద ప్రేమ కూడా ఒకటి, ఇది ఎంత దరిద్రమైన బిజినెస్ మోడలో ఆలోచించండి.

1990ల్లో జపాన్‌లో రియల్ ఎస్టేట్ కూలిపోయాక చిట్టీ ఆయన ఐపీ పెట్టేశాడు. పోలిక కాదు, ఈసారి నిజంగానే. 1997లో ఒసాకా చోగిన్ కూలింది, 1999లో ఒకేసారి పదమూడు. డిపాజిట్లు కాపాడటానికి జపాన్ ప్రభుత్వం లక్ష కోట్ల యెన్లకి పైగా పోసింది. లోన్లు ఎవరెవరి పేర్ల మీద వెళ్ళాయని తవ్వితే చాలావరకు చోంగ్ర్యోన్ దగ్గరే తేలాయి. 2007లో టోక్యో కోర్టు 62.7 బిలియన్ యెన్లు కట్టమంది.

అబ్బా, టైమ్ చూస్తే అయిపోవచ్చింది, స్పీడ్‌గా చెప్పేస్తా.

2002 సెప్టెంబర్ 17. జపాన్ ప్రధాని కొయిజుమి ప్యోంగ్యాంగ్ వెళ్తే కిమ్ జోంగ్ ఇల్ స్వయంగా ఒప్పుకున్నాడు, అవును మావాళ్ళు జపనీయుల్ని ఎత్తుకొచ్చారు, పదమూడు మందిని అని. వాళ్ళలో యోకోతా మెగుమి 1977లో స్కూల్ నుంచి ఇంటికొస్తూ మాయమైన పదమూడేళ్ళ పిల్ల. ఆ ఊరేంటో తెలుసా, నీగాటా. అప్పటిదాకా చోంగ్ర్యోన్ అవన్నీ కట్టుకథలు అని గట్టిగా కొట్టిపారేసింది. తన సొంత బాసే ఒప్పేసుకున్నాడు. ఎగ్జాక్ట్‌గా ఇక్కడ జనం మొత్తం విరిగిపోయారు, తల్లిదండ్రుల జనరేషన్ నోరు మూసుకుని కట్టిన వాయిదాలు పిల్లలు కట్టం అన్నారు. చిన్న క్లాసుల్లో ఫొటోలు గోడల మీంచి దిగిపోయాయి. 2006లో మిసైల్ టెస్టుల తర్వాత ఓడ కూడా ఆపేశారు.

తర్వాత హెడాఫీస్ బిల్డింగ్ వేలానికొచ్చింది. ఆ కథకి సెపరేట్ వీడియో కావాలి, 2013లో కగోషిమా నుంచి ఒక బౌద్ధ సన్యాసి పాడాడు, డబ్బు కట్టలేకపోయాడు, తర్వాత ఒక మంగోలియా కంపెనీ వచ్చింది, దాన్ని కోర్టు కొట్టేసింది, చివరికి తకమత్సు అనే ఊరి కంపెనీ ఒకటి కొంది, చేతులు మారింది, చోంగ్ర్యోన్ మాత్రం ఇంకా ఆ బిల్డింగ్‌లోనే ఉంది. ఎలా అని నన్నడక్కండి.

మరి బ్యాన్ ఎందుకు చేయలేదు? నిఘా అయితే ఉంది, 1952 చట్టం కింద పబ్లిక్ సెక్యూరిటీ ఏజెన్సీ వీళ్ళని కనిపెడుతూనే ఉంటుంది. సంఘాన్ని రద్దు చేయాలంటే హింసకి దిగారు, మళ్ళీ దిగుతారు అని చూపించాలి, నినాదాలు సరిపోవు. ఈ విషయంలో జపాన్ కరెక్టే అంటాను. కరెక్ట్ కానిది ఏంటంటే, 2013లో హైస్కూల్ ఫీజు మాఫీ నుంచి ఒక్క కొరియన్ స్కూళ్ళనే తీసేశారు. పదహారేళ్ళ పిల్లకి ఫీజు కట్టిస్తే ప్యోంగ్యాంగ్‌కి ఏం నొప్పి? అంతకుముందు 2009లో క్యోటోలో కొరియన్లంటే పడని ఒక గుంపు వీళ్ళ ప్రైమరీ స్కూల్ గేటు ముందు మైకులు పెట్టి పిల్లల్ని గూఢచారులు అని అరిచారు, ఆ గుంపుకి కోర్టు కోటీ ఇరవై లక్షల యెన్లకి పైగా నష్టపరిహారం కట్టమందనుకోండి, అది వేరే విషయం.

లాస్ట్ పాయింట్, ఫుట్‌బాల్ చూసేవాళ్ళకి. 2010 వరల్డ్ కప్‌లో బ్రెజిల్‌తో మ్యాచ్ ముందు ఉత్తర కొరియా జాతీయగీతం వస్తుంటే ఒక ప్లేయర్ వెక్కి వెక్కి ఏడ్చాడు, గుర్తుందా? జోంగ్ తే-సే. పుట్టింది నగోయాలో, తండ్రి వైపు నుంచి వచ్చిన పౌరసత్వం దక్షిణ కొరియాది, చదివింది చోంగ్ర్యోన్ స్కూళ్ళల్లో. ఏడ్చింది ఉత్తరం పాటకి. మూడేళ్ళ తర్వాత దక్షిణ కొరియా లీగ్‌లో సువాన్ క్లబ్‌కి ఆడాడు. ఇతన్ని ఏ బాక్స్‌లో పెడతారో మీ ఇష్టం, నాకైతే ఏ బాక్సూ దొరకలేదు. ఇప్పుడా స్కూళ్ళల్లో పిల్లల్లో చాలామంది చేతుల్లో ఉన్నది దక్షిణ కొరియా పాస్‌పోర్టే, అమ్మానాన్నలు అక్కడ చేర్పించేది కిమ్ కోసం కాదు, ఇంకెక్కడా కొరియన్ మీడియంలో చెప్పే స్కూళ్ళు పెద్దగా లేక.

కలకత్తా ఒప్పందం మీద ఇంకొంచెం చదువుతున్నా, సరిపడా మెటీరియల్ దొరికితే అది నెక్స్ట్ వీడియో. ఉంటాను మరి.