పొగతోటలో 12 మీటర్లు: సివిల్ క్లాసుకు స్ట్రీట్‌మిక్స్

[తెరపై: నెల్లూరు పొగతోట, సాయంత్రం. రెండు వైపులా స్కూటర్లు, నడిమధ్యన ఆటోలు, వాటి సందుల్లో నడుస్తున్న జనం.]

నమస్కారం. నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో సివిల్ చెప్పే మాస్టార్ల కోసం, చదివే పిల్లల కోసం ఈ వీడియో.

లేన్ వెడల్పు 3.5 మీటర్లని పరీక్షలో అందరూ రాస్తారు. పొగతోటకు తీసుకొచ్చి ఆ మూడున్నర మీటర్లు ఎక్కడున్నాయో చూపించమంటే తడుముకుంటారు. ఆ లోటు తీర్చడానికి స్ట్రీట్‌మిక్స్ అనే వీధి డిజైన్ వెబ్‌సైట్ బాగా పనికొస్తుంది. అయితే ఉన్నదున్నట్టు క్లాసులో పెడితే కుదరదు. మన వీధికి తగ్గట్టు మలుచుకోవాలి.

[తెరపై: స్ట్రీట్‌మిక్స్ పేజీ. ఒక ఫుట్‌పాత్ ముక్కను లాగి పెడుతున్న మౌస్.]

ఇది 2013లో అమెరికాలో, కోడ్ ఫర్ అమెరికా సంస్థలో మొదలైంది. బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఉచితం. వీధిని అడ్డంగా కోస్తే కనిపించే క్రాస్ సెక్షన్ తెర మీద ఉంటుంది. ఫుట్‌పాత్, లేన్, చెట్లు, పార్కింగ్, ఇలా ఏ ముక్క కావాలంటే అది లాగి పెట్టుకుని వెడల్పు మార్చుకోవచ్చు. అన్నీ కలిపి వీధి వెడల్పు దాటిపోతే అక్కడికక్కడే చెప్పేస్తుంది. ఆటోక్యాడ్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌తో పరిచయం లేని మొదటేడు పిల్లలు కూడా తొందరగా పట్టుకుంటారు.

మొదలుపెట్టే ముందు రెండు చూసుకోండి. కొలతలు అడుగుల్లో ఉంటే మీటర్లకు మార్చండి. తర్వాత లేన్ల బాణాలు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయి, మనకు ఎడమవైపు. మన నుంచి దూరంగా వెళ్లే లేన్ మనకు ఎడమ పక్కన ఉండాలి. బాణం తిరగేసి ఉంటే మార్చండి. ఈ పని పిల్లల చేతనే చేయించండి, మాస్టారు ముందే సరిచేసి ఇవ్వొద్దు.

ఇక టేపు పట్టుకుని వీధిలోకి. నా మాట వినండి, కొలవకుండా ఒక్క ముక్క కూడా తెర మీద పెట్టనివ్వకండి.

[తెరపై: ఈ గోడ నుంచి ఆ గోడకు టేపు పట్టుకున్న ఇద్దరు విద్యార్థులు.]

టేపు కనబడగానే కొట్లవాళ్లు బయటికొస్తారు. "ఏందబ్బయా, రోడ్డు వెడల్పు చేస్తన్నారా?" అని అడుగుతారు. "లేదన్నా, కాలేజీ ప్రాజెక్టు" అని చెప్పి ఊరుకోకండి. కొట్టుకు సరుకు ఏ టైముకు దిగుతుంది, వానొస్తే నీళ్లు ఎక్కడ నిలబడతాయి, అడిగి రాసుకోండి. టేపుకు అందనివి ఇవే.

సైడు కాలవ, దాని మీద కడప బండలు, బండల మీదికి వచ్చిన మెట్లు, కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె, టిఫిన్ బండి, ఒక్కోదానికీ వెడల్పు కావాలి. బండలు పరిచిన మన కాలవకు సరిపోయే బొమ్మ రెడీమేడ్‌గా దొరకదు. అంతే వెడల్పున్న వేరే ముక్క పెట్టి, అది దేనికి బదులో నోట్‌బుక్‌లో పట్టిక రాయించండి. ఈ సాఫ్ట్‌వేర్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది కాబట్టి, కంప్యూటర్స్ బ్రాంచి స్నేహితులు తోడైతే మన కాలవ బొమ్మ, టిఫిన్ బండి బొమ్మ గీసి కలుపుకోవచ్చు. రెండు బ్రాంచిలకూ కలిపి మంచి ప్రాజెక్టు అవుతుంది.

[తెరపై: 12 మీటర్ల వీధి. ముక్కలు ఒక్కొక్కటిగా పడుతున్నాయి.]

గోడ నుంచి గోడకు 12 మీటర్లు వచ్చిందనుకుందాం. రెండు కాలవలు 0.6 చొప్పున 1.2. రెండు వైపులా అడ్డంగా నిలిపిన బైకులు రెండేసి మీటర్లు, మొత్తం నాలుగు. మిగిలింది 6.8. ఆటో, అంబులెన్సు, డాక్టరు చీటీ పట్టుకుని నడిచే పెద్దావిడ, అందరికీ అదే. ఫుట్‌పాత్ సున్నా.

ఇప్పుడు ఐఆర్‌సీ, అంటే రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, పుస్తకం తీయండి. పాదచారుల సదుపాయాలకు ఐఆర్‌సీ 103. దానికి 2022లో కొత్త కూర్పు వచ్చింది, ఇక్కడి అంకెలు 2012 కూర్పువి. నివాస వీధుల్లో నడవడానికి అడ్డం లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, వ్యాపార వీధుల్లో 2.5 ఉండాలని అందులో ఉంది. ఆస్పత్రులు, మందుల షాపులు ఉన్న వీధి కాబట్టి 2.5 తీసుకుందాం. కాలవ మీద గట్టి పలకలు వేసి ఫుట్‌పాత్ కిందికే తెస్తే, రెండు వైపులకూ కలిపి ఐదు మీటర్లు పోతుంది. మిగిలేది ఏడు. సరిగ్గా రెండు లేన్లు. బైకు పెట్టడానికి జానెడు చోటు కూడా ఉండదు.

క్లాసులో వాదన ఇక్కడ మొదలవుతుంది, మొదలవ్వాలి కూడా. ఒకరు వన్‌వే చేద్దామంటారు. అప్పుడు ఒక లేన్ 3.5, బైకులకు 2, తోపుడు బండ్లకు 1.5, లెక్క సరిపోయింది. ఇంకొకరు లేచి, ఆగిన ఆటో వెనక అంబులెన్సు ఇరుక్కుంటే ఎట్లా అంటారు. తెర మీద ముక్కలు జరుపుతూ ఒకరికొకరు జవాబు చెప్పుకోనివ్వండి. నేనైతే ఆ వాదనకు ఒక పీరియడ్ మొత్తం ఇచ్చేస్తాను. ఫుట్‌పాత్ కోసి పార్కింగ్ కలుపుదామని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోను. నడవలేని మనిషి ఆస్పత్రికి వచ్చే వీధి అది.

ట్రాఫిక్ లెక్కకు సాఫ్ట్‌వేర్ అంకెల మీద ఆధారపడొద్దు. ఐఆర్‌సీ 106, 1990 ప్రకారం ట్రాఫిక్‌లో ఆ రకం బండ్ల వాటా 10 శాతం, ఆపైన ఉంటే బైకుకు 0.75, ఆటోకు 2, బస్సుకు 3.7 పీసీయూ. పీసీయూ అంటే ఒక కారును ఒకటిగా తీసుకుని మిగతా బండ్లను లెక్కగట్టే కొలత. రోడ్డు పక్కన నిలబడి లెక్కపెట్టి, వీటితో గుణిస్తే చాలు.

[తెరపై: ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్, దానితో చూసే కొలబద్ద (స్టాఫ్) పట్టుకున్న విద్యార్థిని.]

స్ట్రీట్‌మిక్స్ బొమ్మ చూస్తే తేలనిది నీళ్ల వాలు. నెల్లూరుకు పెద్ద వాన అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. తెర మీద రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది. నిజం రోడ్డుకు క్యాంబర్, అంటే మధ్య నుంచి రెండు అంచులకూ వాలు, ఉంటుంది. రెండు శాతం అనుకుంటే ఏడు మీటర్ల రోడ్డులో మధ్య భాగం అంచుకంటే 70 మిల్లీమీటర్లు ఎత్తు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోతే నీళ్లు కాలవలోకి బదులు గడపల్లోకి మళ్లుతాయి.

అందుకే సర్వే ల్యాబ్‌లోని డంపీ లెవెల్ బయటికి తేవాలి. గడప, కాలవ అంచు, కాలవ అడుగు, రోడ్డు మధ్య, ఈ నాలుగింటికీ రీడింగ్ తీయండి. తర్వాత కాలవ పొడవునా పది మీటర్లకొకటి. ఉన్న వీధి సెక్షన్, కొత్త సెక్షన్, ఈ లెవెల్ పట్టిక, మూడూ కలిపి సబ్మిట్ చేయించండి. కొత్త ఫుట్‌పాత్ ఎత్తు ఏదో ఒక గడపను దాటితే, డిజైన్ వెనక్కిచ్చి మళ్లీ గీయమనండి.