కోలోన్ భుజాన్ని బాగుచేసినది ఏది?

శ్రోతలకు నమస్కారం. దెబ్బతిన్న కీలును కోసి కుట్టే పని లేకుండా మనిషి ఒంట్లోని కణాలతోనే బాగుచేయవచ్చునన్న ఆశ క్రీడాకారులను ఎంతగా లాగుతుందో చెప్పవలసి వచ్చినప్పుడల్లా నాకు బార్తోలో కోలోన్ గుర్తుకు వస్తాడు.

డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టిన కోలోన్ అమెరికా బేస్‌బాల్‌లో పిచర్, అంటే బంతి విసిరేవాడు. 2005లో తన లీగ్‌లోని ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్నాడు. ఆ తరువాత భుజమూ మోచేయీ మొరాయించడంతో, 2010లో అతడు ఏ పెద్ద జట్టుకూ ఆడలేదు. ఆ ఏడాదే స్వదేశంలో వైద్యులు అతని ఒంటి నుంచి కొవ్వునూ ఎముక మూలుగనూ తీసి, వాటిలోని మూలకణాలను, అంటే వేరే రకాల కణాలుగా మారగల కణాలను, ఆ భుజంలోకీ మోచేతిలోకీ సూదితో ఎక్కించారు. 2011లో, 38వ ఏట, అతడు న్యూయార్క్ యాంకీస్ తరఫున తిరిగి వచ్చి, గంటకు దాదాపు 150 కిలోమీటర్ల వేగంతో బంతులు విసిరాడు.

కథ ఇక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! చికిత్సలో పాల్గొన్న ఒక అమెరికా వైద్యుడు వేరే రోగులకు ఆటల్లో నిషిద్ధమైన గ్రోత్ హార్మోన్ వాడేవాడని తెలిసి, బేస్‌బాల్ అధికారులు ఆరా తీశారు. కోలోన్‌కు వాడలేదని ఆ వైద్యుడు చెప్పాడు. అయితే 2012 ఆగస్టులో కోలోన్ నిషిద్ధ హార్మోన్ టెస్టోస్టెరాన్ వాడినట్టు పరీక్షలో దొరికిపోయి, 50 మ్యాచ్‌ల నిషేధానికి గురయ్యాడు. మరి ఆ భుజాన్ని బాగుచేసినది మూలకణాలా? దొరికిన విశ్రాంతా? నిషిద్ధ మందా? ఒక్క మనిషి కథతో ఇది తేలదు, ఎంత గొప్ప ఆటగాడి కథ అయినా తేలదు.

తేలాలంటే పోల్చి చూడాలి. సొంత ఒంటి నుంచి తీసినదానితోనే చేసే మరో చికిత్సను అలా పోల్చి చూశారు. రోగి రక్తాన్నే కొంచెం తీసి, యంత్రంలో గిరగిర తిప్పి, ప్లేట్‌లెట్లు చిక్కగా ఉన్న భాగాన్ని గాయంలోకి ఎక్కించే పద్ధతిని పీఆర్‌పీ అంటారు. మడమ వెనుక, కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు నొప్పితో బాధపడుతున్న 54 మందిలో సగం మందికి పీఆర్‌పీనీ, సగం మందికి వట్టి సెలైన్‌నూ ఇచ్చి, అందరిచేతా ఒకే వ్యాయామం చేయించిన నెదర్లాండ్స్ పరిశోధకులు 2010లో ఫలితం ప్రకటించారు. రెండు గుంపులూ ఇంచుమించు ఒకేలా కోలుకున్నాయి.

సొంత రక్తంతో గాయం మాన్పుకోవడం మోసం కాదని నా అభిప్రాయం. కండరంలోకి పీఆర్‌పీ ఎక్కించడాన్ని 2010లో నిషేధించిన ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ కూడా మరుసటి ఏడాదే ఆ నిషేధాన్ని ఎత్తివేసింది, కణాల పెరుగుదలను ప్రేరేపించే గ్రోత్ ఫ్యాక్టర్లను విడిగా తయారుచేసి వాడడాన్ని మాత్రం నిషిద్ధ జాబితాలోనే ఉంచింది. నన్ను కలవరపెట్టేది వేరొకటి. సీజన్ దగ్గరపడుతున్నకొద్దీ ఆశ ఖరీదు పెరుగుతుంది, ఆ ఖరీదు కట్టేది భయపడుతున్న ఆటగాడు.

కబడ్డీలోనో క్రికెట్‌లోనో లిగమెంట్ తెగిన పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మాట చెబుతాను. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం, ఇలాంటి గాయాలకు మూలకణాలను అనుమతి పొందిన ప్రయోగ పరీక్షలలో తప్ప వాడకూడదు, ఆ పరీక్షలో చేరినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదు. కనుక ఎవరైనా మూలకణాల ప్యాకేజీ ధర చెబితే, ముందుగా ఆ పరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. పోటీలలో ఆడే పిల్లలైతే, సూదిలో ఏమేమి ఉన్నాయో సంతకంతో రాసి ఇమ్మనండి, ఎందుకంటే డోపింగ్ పరీక్షలో పట్టుబడితే జవాబు చెప్పుకోవలసినది ముందుగా ఆ ఆటగాడే.