క్యాష్ కౌంటర్ నుంచి వచ్చిన ప్రేక్షకుడు: ఈ ఆరు నెలల్లో చూసిన మూడు సినిమాలు

నమస్కారం. 34 ఏళ్లు బ్యాంకులో పనిచేసి, అందులో 14 ఏళ్లు క్యాష్ కౌంటర్లోనే గడిపి రిటైరైన మనిషిని నేను. ఈ ఆరు నెలల్లో మా ఆవిడతో కలిసి హాలుకు వెళ్లి చూసిన మూడు సినిమాల గురించి నా మనసులో ఉన్నది ఉన్నట్టు చెబుతాను. కథలు కొంత బయటపడతాయి కనుక ఇంకా చూడనివారు గమనించగలరు.

2024 దీపావళికి వచ్చిన వెంకీ అట్లూరి ‘లక్కీ భాస్కర్’ను రెండుసార్లు చూశాను. 1980ల చివర బొంబాయిలో క్యాషియర్‌గా పనిచేసే భాస్కర్ అప్పుల్లో కూరుకుపోయి, రావలసిన ప్రమోషన్ కూడా రాక, బ్యాంకు సొమ్మును రహస్యంగా బయటకు తీసుకెళ్లి, వ్యాపారంలో తిప్పి, తిరిగి తెచ్చి పెట్టడం మొదలుపెడతాడు. దుల్కర్ సల్మాన్ ఆ అవమానాన్ని అరుపులు లేకుండా ముఖంలోనే చూపించాడు. ప్రమోషన్ లిస్టులో పేరు లేని రోజున ఇంటికెళ్లి భార్యకు ఏం చెప్పాలో తెలియని స్థితి నాకు అనుభవమే కనుక, ఆ ఘట్టంలో నా కళ్లు చెమర్చాయి. 1992లో బయటపడ్డ షేర్ల కుంభకోణంలో బ్యాంకులు సెక్యూరిటీలు (ప్రభుత్వ బాండ్ల వంటి పత్రాలు) చేతికి రాకుండానే ఒకదానికొకటి రాసిచ్చుకున్న రసీదుల వ్యవహారాన్ని మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చెప్పడం కూడా చిన్న పని కాదు.

అయితే నా అభ్యంతరం గట్టిదే. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఇద్దరూ కలిస్తే గాని తలుపు తెరుచుకోదు. సొమ్ము బయటకు తేవడం తెర మీద కనిపించినంత సులువు కాదు. అంతకన్నా నన్ను బాధపెట్టింది ఏమిటంటే, ఆ సొమ్ము బ్యాంకులో దాచుకున్నవాళ్లు సినిమాలో ఎక్కడా నా కంటికి ఆనలేదు. ఒకనాటి సాయంత్రం నా లెక్కలో 500 రూపాయలు తగ్గాయి. తడి స్పాంజి మీద వేలు అద్దుకుంటూ ప్రతి కట్టనూ రాత్రి తొమ్మిదింటి దాకా మళ్లీ మళ్లీ లెక్కపెట్టి, చివరకు నా జేబులోంచి కట్టి ఇంటికి వెళ్లాను. మర్నాడు పొద్దున్నే కూరగాయలమ్మే ఒకావిడ వచ్చి, ‘బాబూ, నిన్న నాకు ఎక్కువిచ్చారు’ అని కొంగుముడి విప్పి ఆ నోట్లు నా ముందు పెట్టింది. భాస్కర్ గట్టెక్కినప్పుడు హాలంతా ఈలలు వేస్తుంటే నాకు ఆవిడే గుర్తొచ్చింది.

2025 సంక్రాంతికి వెంకటేశ్, అనిల్ రావిపూడిల ‘సంక్రాంతికి వస్తున్నాం’ చూసి కడుపుబ్బా నవ్వుకున్నాం. ఎన్నో ఏళ్లకు రమణ గోగుల గొంతు ‘గోదారి గట్టు మీద’ పాటలో వినిపించడం మా ఆవిడకు పండగే అయింది. చిన్నపిల్లవాడి నోట బూతులు పలికించి నవ్వించడం మాత్రం నాకు ససేమిరా నచ్చలేదు.

2025 మార్చి 14న వచ్చిన ‘కోర్ట్’ ఈ మూడింటిలోనూ నాకు అన్నిటికన్నా నచ్చింది. 2013 నాటి విశాఖలో 19 ఏళ్ల కుర్రాడు, 17 ఏళ్ల అమ్మాయి ఇష్టపడతారు. అమ్మాయి తరఫు బంధువు ఒకడు పరువు పిచ్చితో ఆ కుర్రాడిని పోక్సో (పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే చట్టం) కేసులో ఇరికిస్తాడు. ఆ బంధువుగా శివాజీ గడప దాటి లోపలికి వస్తే చాలు, ఇంట్లోవాళ్లే కాదు, హాల్లో మేమూ బిగుసుకుపోయాం. జూనియర్ లాయరుగా ప్రియదర్శి కాగితాలు ఓపికగా చదివి లొసుగులు పట్టుకునే తీరులో పని తెలిసిన మనిషి కనిపిస్తాడు. చివరి వాదన మాత్రం కొంత ఉపన్యాసంగా సాగింది, అక్కడ పది నిమిషాలు తగ్గించవలసింది. 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో ఇష్టపడ్డారన్న మాటకు ఆ చట్టంలో చోటు లేదని మన ఇళ్లలో ఎంతమంది పిల్లలకు చెప్పాం? మా మనవరాలు ఇంటర్ చదువుతోంది. వచ్చే ఆదివారం మార్నింగ్ షోకు తనను వెంటబెట్టుకుని ఈ సినిమాకే మళ్లీ వెళ్తున్నాను.