పాటతో పాటు దాని ఆనవాళ్లు

(ఒంగోలులో సంగీత శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

మన పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబు గారి నాదస్వరం ఇక్కడున్న చాలామంది ఫోన్లలో ఉండే ఉంటుంది. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ మీద మక్కువ చావక అటు వెళ్లి, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైకణ్ణు పిళ్లైల దగ్గర మళ్లీ శిష్యుడిగా కూర్చున్న మనిషి ఆయన. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే ‘సంగీత కళానిధి’ బిరుదు అందుకున్నారు, 1999లో కన్నుమూశారు. ఆయన్ని ఎదురుగా కూర్చుని విన్నవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. రేపు పుట్టే పిల్లలకు రికార్డింగులే మౌలానా గారు. అందుకే ఆ రికార్డింగులు ఒకరి నుంచి ఒకరికి ఎలా పోతున్నాయన్నది నాకు పెద్ద విషయంగానే తోస్తుంది.

ఇప్పుడు ఎలా పోతున్నాయి? వాట్సాప్‌లో ‘అద్భుతం, తప్పక వినండి’ అని ఒక ముక్క, దాని కింద ఒక ఫైలు. పేరున్న చోట అంకెలు. వాయించింది ఎవరు, రాగమేమిటి, డోలు ఎవరిది, ఏ ఊళ్లో ఏ ఏడు జరిగిన కచేరీ, ఏదీ ఉండదు. నాలుగు చేతులు మారేసరికి ఎవరో ఒకరు తమకు తోచిన పేరు తగిలిస్తారు. ఆ తర్వాత ఆ పేరే నిలిచిపోతుంది. డోలు విద్వాంసుడి పేరైతే ఎప్పటికీ తిరిగి రాదు. నాకు అన్నిటికన్నా బాధ అదే.

కాబట్టి రికార్డింగుతో పాటు దాని ఆనవాళ్లు పంపండి. తెలియని చోట తెలియదని రాయండి. ఊహించి రాసిన పేరు కన్నా ఖాళీ గడి ఎంతో మేలు. అది చూసి, తెలిసినవాళ్లు నింపుతారు.

ఇక వేగం సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ సేపు మాట్లాడతాను, ఏమీ అనుకోవద్దు. మన ఇళ్లలో ఉన్నవి ఎక్కువగా క్యాసెట్ల నుంచి ఎక్కించినవి. టేపు రికార్డరు మోటారు నూటికి ఆరు వంతులు వేగంగా తిరిగితే చాలు, శ్రుతి, అంటే స్వరం ఎత్తు, దాదాపు అర మెట్టు పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడినాయన ఒకటిన్నర శ్రుతిలో పాడినట్టు వినిపిస్తాడు. లయ కూడా పరుగెడుతుంది. నాదస్వరంలో ఈ తేడా మరీ అన్యాయం చేస్తుంది. నాదస్వరాల్లో పొట్టిగా ఉండి, హెచ్చు శ్రుతిలో పలికేది తిమిరి. పొడుగ్గా ఉండి, తగ్గు శ్రుతిలో గంభీరంగా పలికేది బారి. తమిళనాడు నాదస్వర విద్వాంసులు టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారు వ్యాప్తిలోకి తెచ్చింది ఈ బారినే. వేగం పెరిగిన టేపులో బారికి ఉన్న బరువంతా పోయి గొంతు సన్నబడుతుంది. అది విని ‘ఈయన వాద్యంలో గాంభీర్యం తక్కువ’ అని తీర్పు చెప్పేస్తాం. పాపం, ఆ తప్పు మోటారుది.

దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. కరెంటు మీద నడిచే పరికరాలతో తీసిన పాత టేపుల్లో చాలాసార్లు అడుగున సన్నగా గుయ్‌మనే రొద ఉంటుంది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది, అంటే సెకనుకు 50 సార్లు కంపించేది. కాబట్టి ఆ రొద 50 దగ్గరో, దానికి రెట్టింపు 100 దగ్గరో ఉండాలి. పౌనఃపున్యం చూపించే సాఫ్ట్‌వేర్‌లో అది 53 అని కనిపిస్తే టేపు వేగం పెరిగిందని అనుమానించవచ్చు. ఆ రోజుల్లో కరెంటు కూడా కొంచెం అటూ ఇటూ ఊగేది, అందుకని దీన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఆ విద్వాంసుడి శ్రుతి తెలిసిన వేరే రికార్డింగుతో పోల్చి చూడండి. సరిచేశాక కూడా అసలు ఫైలును చెరపొద్దు. రెండూ ఉంచండి.

చర్చ గురించి. ‘బాగుంది’ అన్నాక ఎదుటివాడు ఇంకేం మాట్లాడతాడు? ‘ఫలానా నిమిషంలో గాంధారం (గ స్వరం) మీద ఏం చేశారో వినండి’ అంటే మాట సాగుతుంది. ఆరభి, దేవగాంధారి రాగాలు చూడండి. రెండూ శంకరాభరణం జన్యాలే, అంటే ఆ రాగంలోంచి పుట్టినవే. ఆరోహణలో, అంటే స్వరాలు పైకి ఎక్కేటప్పుడు, గాంధార నిషాదాలు (గ, ని) వదిలేసి, కిందికి దిగే అవరోహణలో ఏడు స్వరాలూ తీసుకుంటాయి. కాగితం మీద చూస్తే ఒక్కటే రాగం. చెవికి మాత్రం ఎంత దూరమో! ఆరభి గాంధార నిషాదాల దగ్గర ఆగదు, తాకి వెళ్లిపోతుంది. దేవగాంధారి నిదానిస్తుంది, ఊగుతుంది, స్వరాన్ని సాగదీస్తుంది. త్యాగరాజస్వామి కృతుల్లో ఆరభిలోని ‘సాధించెనే’, దేవగాంధారిలోని ‘క్షీరసాగర శయన’ రికార్డింగులు ఒకదాని వెంట ఒకటి పెట్టుకుని నలుగురు కలిసి వింటే, పుస్తకంలో దొరకనిది ఒక సాయంత్రంలో దొరుకుతుంది. ఎవరు గొప్ప అనే పోటీ మాత్రం పెట్టొద్దు. దాంతో వినడం ఆగిపోయి అరుచుకోవడం మొదలవుతుంది.

మనం చేయగలిగిన ఇంకో మంచి పని సాహిత్యం, అంటే పాటలోని మాటలు, రాసిపెట్టడం. త్యాగరాజు పూర్వీకులది మన కంభం వైపు కాకర్ల అంటారు. ఆ మాటలు మనవి. కావేరి ఒడ్డున పాడిన రికార్డింగు మనకు అందినప్పుడు, సాహిత్యాన్ని పదాలు సరిగ్గా విడదీసి రాసి, అర్థంతో తిరిగి పంపితే తమిళ రసికులు కళ్లకద్దుకుంటారు. తప్పు పట్టే గొంతుతో కాదు, ప్రేమగా రాయాలి.

అమ్మకంలో ఉన్న ఆల్బమ్‌ను ఉచితంగా పంచిపెట్టడం పంచుకోవడం కాదు. మన చట్టంలో సౌండ్ రికార్డింగు హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు ఒక క్యాసెట్ వినిపిస్తాను. మా బంధువుల ఇంట్లో దొరికింది, పెళ్లి మేళం. పైన ఏమీ రాసి లేదు. పక్క తిప్పేచోట ఆలాపన తెగిపోయింది. నాకు దేవగాంధారి అనిపిస్తోంది, మా అన్నయ్య ఆరభి అంటున్నాడు. రాగం తర్వాత తేల్చుకుందాం. ముందు ఆ డోలు ఎవరిదో పెద్దవాళ్లు ఎవరైనా గుర్తుపడతారేమో, దయచేసి కాస్త ముందు వరసలోకి రండి.