బోరు నీళ్ళకు ఏది పనిచేసింది? కుంకుడు, శీకాయ, సబ్బు బిళ్ళ, వంటసోడా

అందరికీ నమస్తే అండీ. షాంపూ మానేద్దామనుకుంటున్నాం, బదులుగా ఏం వాడాలి అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఇవాళ నాలుగూ ముందు పెట్టుకుని కూర్చున్నా. నేనుండేది హన్మకొండలో, మా ఇంట్లో వచ్చేది బోరు నీళ్ళు, బకెట్ అంచుకు తెల్లగా పొర కట్టే రకం. మీ ఇంటికి మంచినీళ్ళే వస్తుంటే నేను చెప్పేదాంట్లో కొంత మీకు వర్తించదు.

వంటసోడా సంగతి ఒక్క మాటలో చెప్పేస్తా, వద్దు. మన మాడు కొంచెం ఆమ్ల గుణంతో, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే కొలత, 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5.5 దగ్గర ఉంటుంది, సోడా నీళ్ళు 8 దాటుతాయి, అలవాటుగా వాడితే వెంట్రుక గరుకెక్కి తెగుతుంది.

ఇక సహజం అని రాసి అమ్ముతున్న ఈ సబ్బు బిళ్ళ. వాసన బాగుంది, కాదనను. కానీ నూనెకు కాస్టిక్ సోడా కలిపి చేసిన ఏ సబ్బైనా బోరు నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి కరగని జిడ్డుగా మారుతుంది. ఇదిగో, ఈ దువ్వెన పళ్ళ సందుల్లో చూడండి, బూడిద రంగులో మైనంలా పట్టుకుంది, గోరుతో గీకితే గానీ రావట్లేదు. ఇదంతా తల స్నానం చేశాక దువ్వుకుంటే వచ్చిందే!

కుంకుడుకాయ దగ్గర ఈ గొడవ లేదు. దాంట్లో నురగనిచ్చేవి సాపోనిన్లు, అవి సబ్బులాగా ఈ నీళ్ళలో ముద్ద కట్టవు. పొడి ప్యాకెట్ జోలికి పోకుండా కాయలే కొనండి, పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు. పట్టుకుంటే తోలు కాస్త బంకగా, ఎర్రటి గోధుమ రంగులో ఉండాలి, ఎండి పొట్టులా రాలేవి వద్దు. కొట్టి నల్ల గింజ తీసేసి, తోలు రాత్రే వేడినీళ్ళలో నానేసి, పొద్దున బాగా పిసికి పల్చటి గుడ్డలో వడకట్టాలి. ఎప్పటికప్పుడు చేసుకోవడమే మంచిది, బయట వదిలేస్తే పులిసి కంపు కొడుతుంది. కండ్లలో పడితే మాత్రం మామూలు మంట కాదు, మా అమ్మమ్మ అయితే నోట్లో ఉప్పు గల్లు పెట్టేది, నేను చెప్పేది చల్లటి నీళ్ళతో బాగా కడగమని.

శీకాయ నెమ్మదైంది, నూనె పెట్టని తలకు సరిపోతుంది. పొడిని నేరుగా రుద్దితే రేణువులు కుదుళ్ళలో ఇరుక్కుంటాయి కాబట్టి కుంకుడుతో పాటే నానేసి వడకట్టుకోండి. వీటితో కొత్త జుట్టు మొలుస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి, ఇవి మురికి వదిలిస్తాయి, అంతే.

హెర్బల్ అని రాసిన సీసా కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదవండి, మొదట్లోనే సోడియం లారెత్ సల్ఫేట్ (మామూలు షాంపూల్లో మురికి వదిలించి నురగనిచ్చే రసాయనం) కనిపిస్తే అది మామూలు షాంపూనే, డబ్బులు ఆకు బొమ్మకు కడుతున్నట్టు. ఆఫీసుకు లేటయ్యే రోజు నేనూ మామూలు షాంపూనే వాడతాను, ఆదివారం మాత్రం కుంకుళ్ళే.